తండ్రి ఉన్నోనికి ఆడవేషం

మా నాటక సమాజంల ఆడవేషం వెయ్యాలంటే గొంతు మంచిగుండాలె, నడక మంచిగుండాలె, అన్నిటికన్న ముందు తండ్రి చచ్చిపోయుండాలె. ఇది నేను పెట్టిన కానూను కాదు. తండ్రి బతికుండంగ కొడుకు మీసం తియ్యొద్దు. తీసిండంటే తండ్రిని బతికుండంగనే కాష్టం ఎక్కిచ్చినట్టు. మీసం ఉంచుకోని రాణివేషం వేస్తే చూసేటోళ్లు ఊకోరు. ఆడోళ్లను స్టేజీ ఎక్కిచ్చే ధైర్యం ఆ రోజులల్ల మాకు లేకుండె, మాకంటే ఎక్కువ వాళ్ల ఇండ్లోళ్లకు లేకుండె. గందుకని పదేండ్లల్ల నేను రాసిన తల్లులు, పెండ్లాలు, రాణులు, పనిమనుషులు అందరు తండ్రిలేని పిల్లగాండ్లే. ఎవని తండ్రికన్న పానం బాగలేదంటే చూడవోతుంటిమి. మంచం పక్కన కూసోని ముసలాయన సంగతి అడుగుతుంటిమి, కొడుకు దవడలు చూస్తుంటిమి.

నాకు తండ్రి ఉండె. ఉప్పుగూడల మా ఇంట్ల రాయిలెక్క గట్టిగ ఉండె. తండ్రి ఉన్నడు కాబట్టి మీసం ఉండె, మీసం ఉంది కాబట్టి మగవేషాలే దొరికినయి. మగవేషాలల్ల నా యాక్టింగు చూసి జనం నవ్వితే, నవ్వే నాటకం కాదది, రాసుడు, ఆడిచ్చుడు మీద పడ్డ. పొద్దంత దఫ్తర్ల ఉర్దూల అర్జీలకు నకలు రాస్తుంటి. పొద్దుమీకి అవే కాగితాల ఎనుక దిక్కు తెలుగుల నాటకం రాస్తుంటి. నా రాజులు సుత అర్జీ పెట్టుకున్నట్టు మాట్లాడుతరని కొందరన్నరు. వాళ్లకు నాటకం తెల్వది.

నేను చెప్పబోయేది మంత్రసాని నాటకం సంగతి. మూడేండ్లు రాసిన. కథ చిన్నదే. ఒక గల్లీల ప్రతివాన్ని తల్లి కడుపుల కెళ్లి బయటికి తీసింది ఒక మంత్రసాని. వాళ్లే పెద్దగై, ఏదో నింద పెట్టి, ఆమెను గల్లీల కెళ్లి బయటికి పంపుతరు. ఆమె లేని రంగం లేదు. ఆమె నోట్లకెళ్లి మాట ఊడిందంటే ఎదుటోడు గుటకలు మింగాలె. రాసుకుంట నేనే రెండుసార్లు ఏడ్చిన. మూడోసారి ఏడుపు రాకపోతే ఆ కాడికి కొట్టేసి మళ్ల రాసిన.

ఆ రోజులల్ల నాటకం ఆడాలంటే ముందు సర్కారుకు కాపీ ఇయ్యాలె, వాళ్లు చదివి ఇజాజత్ రాసియ్యాలె. మా కాపీ మూడు నెలలు చదివిండ్రు. నేను రాసుడుకంటే వాళ్లు చదువుడు కష్టమైనట్టుంది. ఆఖరికి కాగితం వచ్చింది. ఫలానా జుమ్మా రోజు, నమాజు అయినంక మొదలువెట్టాలె, పొద్దుగూకకముందే ముగిచ్చాలె. ఆ ఒక్క రోజే. తారీఖు దాటితే మళ్ల మొదటికెళ్లి కాపీ ఇయ్యాలె. పురానాపూల్ కాడ కట్టెల అడితి ఉండె, ఆ షావుకారు నాటకాల పిచ్చోడు. జుమ్మా రోజు ఎట్లైనా కోత బందే కదా అని అడితి వాకిలి మాకిచ్చిండు.

ఇరవై దినాలు ఉందనంగ మా మంత్రసాని మమ్ముల ఇడిసిపెట్టి పోయింది. మంత్రసాని అంటే గాజుల పని చేసే పిల్లగాడు. తండ్రి పోయి ఆరేండ్లాయె, మాకు నికరమైన హీరోయిన్. అసొంటోనికి పోలీసుల నౌకరి దొరికింది. మొదటి దినమే పెద్ద జవాను ఆయన మూతి చూసి, "క్యా మియా, మర్ద్ హై కి నై?" అన్నడట, మొగోనివేనా అని. ఆ గడియకెళ్లి మీసం పెంచుడు మొదలువెట్టిండు. నేను పోయి బతిలాడిన. కర్ర పట్టుకోని నిలబడి, "అన్నా, డ్యూటీ మీదున్న" అన్నడు. నా నాటకాలల్ల అంత మంచిగ ఎన్నడు నిలబడలే.

తండ్రిలేనోని కోసం పాతబస్తీ అంత తిరిగిన. దొరికినోళ్లకు గొంతు లేదు, గొంతు ఉన్నోళ్లకు తండ్రులున్నరు. ఒకనాడు దబీర్‌పురా స్టేషన్ల బండి కోసం నిలబడ్డ. ఎనుకకెళ్లి ఒక ముసలవ్వ ఎవర్నో తిడుతుంది. తిట్టు తిట్టుకు తూకం ఉంది, ఊపిరి యాడ తీసుకోవాల్నో ఆడనే తీసుకుంటుంది. తిరిగి చూస్తే అవ్వ లేదు. లాంతర్లు తుడుస్తున్న ఇరవై రెండేండ్ల పిల్లగాడు, పక్కింటి అవ్వ లెక్క తిట్టుకుంట హమాలీలను నవ్విస్తున్నడు. మూతి మీద ఇంత మీసం.

"తమ్మీ, మీ బాపు ఉన్నడా?" అన్న.

"ఉన్నడన్నా. ఎందుకు?"

"ఏం లేదు" అన్న గని, మస్తు బాధయింది.

వాళ్ల బాపు ఒడ్లాయన, దర్వాజలు చేస్తడు. మా అడితిలనే కట్టె కొంటడు. తల్లి లేదు, ఇంట్ల తండ్రి, కొడుకు ఇద్దరే. పిల్లగానికి నాటకం కాపీ చదివి చూపిస్తే, ఇంటికి పోవుడు మరిచిపోయిండు. రెండు దినాలల్ల సగం పాఠం నోటికొచ్చింది. ఇంక ఉన్నది తండ్రే. నేనే పోయి అడిగిన. ముసలాయన చిత్రిక పడుతుండె. కండ్లకు మోతిబిందు వచ్చి సరిగ కనవడక, చెయ్యితోని తడుముకుంట పని చేస్తుండె. నేను కళ గురించి మస్తు సేపు మాట్లాడిన. ఆయన చిత్రిక ఆపలే.

"పంతులూ, నేను సచ్చినంక తీస్తడు. తొందర లేకుంటే జర ఆగుండ్రి" అన్నడు.

రెండు దినాలు ఆగినం. ఆయనకు పానం మంచిగనే ఉండె.

ఇగ నేను చేసిన పని చెప్తున్న. దీని మీద ఎవ్వరికి హక్కు లేదు, ఆలోచన నాదే. ముసలాయనకు కండ్లు సరిగ కనవడయి. పిల్లగాడు మీసం తీసెయ్యాలె, ఇంట్ల ఉన్నంతసేపు పెట్టుడు మీసం పెట్టుకోవాలె. నాటకం అయినంక రెండు నెలలల్ల అసలుదే వస్తది. అంతే. పిల్లగాడు భయపడ్డడు. "బాపుకు ఎరుకైతే నన్ను ఇంట్లకు రానియ్యడన్నా. నాకు ఆయన తప్ప ఎవ్వలున్నరు?" అన్నడు. నేను కోపం చేసిన. ఆర్టిస్టుకు త్యాగం ఉండాలె అన్న. నా మీసం దువ్వుకుంటనే అన్న.

మాకు జుట్లు, గడ్డాలు చేసే ముసలి చచా దబీర్‌పురాలనే ఉండె. సంగతి ఇని, "అజీ, దునియా మే సబ్ లోగాఁ స్టేజ్ పే మూంఛ్ లగాతే, ఘర్ మే నికాల్తే. తుమారా ఉల్టా హై" అన్నడు, లోకమంత స్టేజీ మీద మీసం పెట్టుకోని ఇంట్ల తీస్తది, మీది ఉల్టా అని. అన్నడు గని, మేక బొచ్చుతోని మంచి మీసం చేసిచ్చిండు. అసలు దానికంటే ఇదే బాగుందని పిల్లగాడు సుత ఒప్పుకున్నడు. అద్దంల చూసుకోని ఏడ్చిండనుకో, అది వేరే సంగతి.

ఎనిమిది దినాలు నడిచింది. స్టేషన్ల ఉన్నప్పుడు మూతికి రుమాలు కట్టుకుంటుండె, పండ్లనొప్పి అని చెప్తుండె. అడితిల రుమాలు ఇప్పి మంత్రసాని అవుతుండె. ఇంటికి పొయ్యే ముంగట మీసం అతికిచ్చుకోని కొడుకు అవుతుండె. మధ్యల చచా ఇచ్చిన బంక అయిపోయింది. నాకు చెప్తే ఇంకింత తెప్పిస్తుంటి. చెప్పలే. ఇంట్లనే బంక ఉంది కదా అని, వాళ్ల బాపు చెక్కలు అతికిచ్చే సరేసు బంక ఇంత ఎచ్చవెట్టి రాసుకున్నడు. నలభై ఏండ్లు ఆ బంక వాసన పీల్చిన ముసలోడు, పక్కపొంటి కూసోని బువ్వ తినుకుంట, కొడుకు మొఖంల కెళ్లి దర్వాజ వాసన వస్తుంటే గుర్తువట్టడా? గుర్తువట్టిండు. ఒక్క మాట అనలే. గిది నాకు తర్వాత తెలిసింది.

మంగళారం నాడు అయ్యేది అయింది. ఎండలు మండుతున్నయి. పిల్లగాడు స్టేషన్ల నల్ల కాడ రుమాలు ఇప్పి మొఖం కడుక్కుంటుంటే ఒక హమాలీ చూసిండు. మీసం లేని మూతి చూసి, పాపం, ఏం అడగలే. అడుగుడు మర్యాద కాదనుకున్నడు. సక్కగ బస్తీకి పోయి, ఒడ్లాయన పోయిండని చెప్పిండు. గంటల ఇద్దరు ఆడోళ్లు గుండెలు కొట్టుకుంట ఒడ్లాయన ఇంటికి పోయిండ్రు. దర్వాజ తీసింది ఒడ్లాయననే.

ఆడోళ్లు ఏడుపు ఆపలేకపోయిండ్రు, మొదలువెట్టిన ఏడుపు గట్ల ఆగది. ఇంకో పదిమంది జమైండ్రు. తండ్రి బతికుండంగ కొడుకు మీసం తీసిండని తెలిస్తే ఆ పిల్లగాని మొఖం బస్తీల ఎవ్వరు చూడరు, రేపు పిల్లనెవ్వరు ఇయ్యరు. ముసలాయన అదంత ఒక్క గడియల లెక్క కట్టుకున్నట్టుంది.

"నేను కాదవ్వా. మా అన్న. మేమిద్దరం తీసినం" అన్నడు. అన్న పోతే తమ్ముడు తియ్యాలె, తమ్ముని కొడుకు సుత తియ్యాలె. అది రివాజు. మరి నీ మీసం ఉంది గదా అని ఒకామె అడిగింది. "మంగలి దారిల ఉన్నడు" అని, పక్కింటి పిల్లను మంగలి కోసం ఉరికిచ్చిండు. మంగలి వచ్చిండు. అరవై ఏండ్ల మనిషి తెల్ల మీసం, కొసలు చెవుల దిక్కు తిరిగి ఉండేటిది, వాకిట్ల అందరు చూస్తుండంగ తీపిచ్చుకున్నడు.

స్టేషన్ల కబురు ఇని పిల్లగాడు ఉరుక్కుంట అడితికి వచ్చిండు. "అన్నా, బాపు మీసం తీసుకున్నడు" అని కింద కూలవడ్డడు. సంగతంత ఇన్న. మొదాలు నాకు ఏమనిపిచ్చిందో నిజం చెప్తున్న: ఇగ పెట్టుడు మీసం లొల్లి లేదు, పిల్లగాడు ఫికర్ లేకుండ రిహార్సల్ చెయ్యొచ్చు. అది అనుకున్న నేను. ముసలాయనకు దండం పెట్టి వద్దమని ఇద్దరం బయలెల్లినం.

ఇంటికి పొయ్యేసరికి వాకిలంత చాప పరిచుంది. మనుషులు కూసోనున్నరు. నేను సుత ఒక అంచుకు కూసున్న. చావు వచ్చిన ఇండ్లల్ల మాట్లాడే మాటలే నడుస్తున్నయి. అంతల ఒక పెద్దమనిషి పిల్లగాని దిక్కు చూసి, "ఇగ పదకొండు దినాలు మైల. నౌకరికి తప్ప గడప దాటొద్దు బిడ్డా. పెద్ద దినం అయ్యేదాక ఆటలు పాటలు వద్దు" అన్నడు.

నాటకం జుమ్మాకు. మధ్యల రెండు దినాలు. మీసం తీసేదాక ఆలోచన చేసినం, మైల సంగతి నాకు తట్టలే. ముసలాయనకు తట్టిందో లేదో తెల్వది. పక్కకు జరిగి ఆయన చెవుల మెల్లగ, "కాకా, జుమ్మా రోజు..." అన్న. "ఎరుకనే పంతులూ. జర వీళ్లను పోనియ్యి, ఏదో ఒక ఉపాయం చేద్దం" అన్నడు. నాకు పానం లేచొచ్చింది. ఉపాయాలల్ల ఈయన నాకంటే పెద్ద డైరెక్టరు అనుకున్న.

అప్పుడు గల్లీల అందరికంటే పెద్దది ఒక అవ్వ కట్టె పట్టుకోని వచ్చింది. "ఏ అన్నరా? తుగ్యానిల పోయినోడా?" అనడిగింది. మూసీ పొంగి బస్తీలకు బస్తీలు కొట్టుకపోయిన వరదను మా దగ్గర తుగ్యాని అంటరు. ముప్పై ఏండ్ల కిందటి మాట.

"ఆఁ, వాడే" అన్నడు ముసలాయన. ఇంకో అన్న లేడు, ఏం చెప్తడు మరి.

"దొరికిండా?"

ముసలాయన నోరు తెరిచిండు. "దొరకలేదవ్వా" అని ఏడుపు అందుకున్నడు.

నేను మొదాలు మెచ్చుకున్న. ఇంత సహజంగ ఏడ్చేటోన్ని ఇన్నేండ్లు చిత్రిక కాడ ఎట్ల ఇడిసిపెట్టిన్రా అనుకున్న. జర తక్కువ చేస్తే ఇంకా బాగుంటదని సుత అనుకున్న. మస్తు సేపు అయినంక, అవ్వ ఆయన తల పట్టుకోని కడుపుకు ఒత్తుకున్నంక, నాకు తెలివొచ్చింది. అది యాక్టింగు కాదు.

పురానాపూల్ కాడ వాళ్లకు దుకానం ఉండెనట. నీళ్లు ఎక్కుతుంటే, పనిముట్ల సంచి తెస్తనని అన్న దుకానంలకు పోయిండు. తమ్ముడు కట్ట మీద నిలబడ్డడు. అంతే. పీనుగ దొరకలే. తల్లి మాత్రం, కండ్లార చూడంది నా కొడుకు పోయిండని ఎవడన్న అంటే నాలుక కోస్త అన్నదట. దినాలు చెయ్యనియ్యలే, తమ్ముని మీసం ముట్టనియ్యలే. ఆమె బతికున్నన్ని దినాలు పెద్దకొడుకు పేర ఒక తలెల బువ్వ పెట్టి మూతేసి ఉంచింది. ఆమె పోయినంక ఆ ముచ్చట ఎత్తే ధైర్యం ఎవ్వరికి లేకపాయె. ముప్పై ఏండ్లు ఆయన అన్న చావలే, బతకలే. ఇయ్యాల కొడుకు పరువు కాపాడాలని ఒక అబద్ధం ఆడిండు. ఆడినంక చూస్తే అది అబద్ధం కాదు.

అందరు పోయినంక ముసలాయన మొఖం కడుక్కోని నా దిక్కు తిరిగిండు. "పంతులూ, ఉపాయం చేద్దమన్న గని, నాతోని కాదు. తీసినంక, ఉత్తగనే తీసిన అనలేను. మా అన్నకు దినాలు చేస్త" అన్నడు. పిల్లగాడు నా మొఖం చూడకుండ, "నేను సుత ఉంటన్నా" అన్నడు. నా నోట్ల పెద్ద మాట ఉండె. మూడేండ్లు రాసిన, మూడు నెలలు వాళ్లు చదివిండ్రు, తారీఖు మళ్ల రాదు, ఇదంత. అది మింగి బయటికొచ్చిన.

అడితిల అందరు నన్ను చుట్టుకున్నరు. పాఠం అంత నీకే వచ్చు, నువ్వే మంత్రసాని ఎయ్యి అన్నరు. డైరెక్టరు ముందట నిలబడి చూడాలె, ఏషం కట్టొద్దు, అది నా సిద్ధాంతం అన్న. గట్టిగ అన్న. వాళ్లు నమ్మిండ్రు. బుధారం పొద్దున మంగలి ముంగట పోయి కూసున్న. కత్తి నూరి, "తియ్యాల్నా?" అనడిగిండు. ఇంటికాడ మా నాయిన ఆ టైముకు చాయ్ తాగుకుంట గట్టిగ దగ్గుతుంటడు. "కత్తిరించు, చాలు" అన్న. అంచులు మంచిగ కత్తిరిచ్చిండు.

జుమ్మా రోజు నమాజు అయి మనుషులు ఇండ్లకు పోతున్నరు. నాటకం మొదలు కావాల్సిన యాళ్లకు నాకు ఎటు పోవాల్నో తెల్వక ఒడ్లాయన ఇంటికే పోయిన. తండ్రి, కొడుకు వాకిట్ల ఎదురుబొదురు కూసోని పెద్ద దినానికి విస్తరాకులు కుడుతున్నరు. ఇద్దరి మూతులు నున్నగ ఒక్క తీరు ఉన్నయి. మీసాలు ఉన్నప్పుడు వాళ్లు తండ్రీకొడుకులని అంత తెలిసేది కాదు.

"మీ ఆట ఇయ్యాలనే గదా పంతులూ?" అన్నడు ముసలాయన. "నాతోని ఆగిపాయె."

"నీతోని కాదు కాకా. వేసేటోడు లేడు."

"మాటలన్ని నీకు నోటికొచ్చునంట గద. మావోడు చెప్పిండు. నువ్వే ఎయ్యకపోయినవా?"

సిద్ధాంతం తయారుగనే ఉండె. నోట్లకు రాలే. "మా నాయిన ఉన్నడు కాకా" అన్న.

ముసలాయన చేతుల ఆకు పక్కన పెట్టిండు. "ఉన్నడా? మంచిది. సల్లగుండాలె. నాయిన ఉండంగ ఎట్ల తీస్తవు బిడ్డా, తప్పు గద" అన్నడు.

ఆ మాటల ఎగతాళి ఉందేమోనని మస్తు దేవులాడిన. ఉంటే బాగుండని దేవులాడిన. డైరెక్టర్ని, గొంతుల ఏమున్నదో పట్టుకునుడే నా పని. ఏం లేకుండె. నిజంగనే నా మంచి కోరి అన్నడు. కొడుకు మాత్రం తల ఎత్తి, నా మీసం దిక్కు ఒక్కసారి చూసి, మళ్ల ఆకు కుట్టుకున్నడు.